మూడు అంకెల నీడ

పిల్లలూ! ఫోనులో పరీక్షా ఫలితాలు చూచినప్పుడు ఒక్కొక్క పెట్టె అట్టముక్కలాగా పైకి లేచి కనబడుతుంది. వేలితో తడిమితే అంతా ఒకే నునుపు. మరి ఆ ఎత్తు ఎక్కడిది? పెట్టె కింద పలుచగా వేసిన నీడది. మన విజయనగరం, శ్రీకాకుళం బజార్లలో బోర్డులు రాసే పెయింటర్లకు ఈ కిటుకు ఏనాడో తెలుసు. ఎర్రని అక్షరానికి ఒక పక్కగా నల్లరంగు దిద్దితే అక్షరం బోర్డు మీదనుంచి లేచి వస్తుంది.

ఉదయం తొమ్మిదింటి ఎండలో ఒక పోస్టుకార్డును నేలమీద పరచండి. నీడ లేదు. బెత్తెడు ఎత్తండి. నీడ పక్కకు జరిగింది, అంచు మాత్రం గీత గీసినట్లే వున్నది. మీటరు దాకా ఎత్తండి. నీడ మరింత దూరం పోయింది, అంచు చుట్టూ సెంటీమీటరుకు పైగా మసక కమ్మింది. ఎందుకంటారా? సూర్యుడు చుక్క కాదు, బింబం. బింబంలో కొంత భాగమే కనబడే చోట కొంత వెలుగు, కొంత నీడ. ఎత్తు పెరిగినకొద్దీ ఆ చోటు వెడల్పవుతుంది.

వెబ్ పేజీకి రంగులూ కొలతలూ చెప్పే భాష సి.ఎస్.ఎస్. దీనిని 1994లో నార్వే దేశస్థుడు హోకన్ వీయమ్ లీ ప్రతిపాదించాడు. ఇందులో తరువాత చేరిన మాట ‘బాక్స్-షాడో’. దాని పక్కన 0, 2, 6 పిక్సెళ్లు అని రాస్తే చాలు. మొదటి అంకె కుడికి ఎంత, రెండవది కిందికి ఎంత, మూడవది మసక ఎంత. ఆపైన రంగు: నలుపే, కాని పదింట ఒక వంతు. కొందరు నిండు నలుపు పోస్తారు. పెట్టె కింద మసిగుడ్డ పరిచినట్లుంటుంది!

ఈ మాట రాకముందు నీడను బొమ్మగా గీసి, మూలకొక ముక్క, అంచుకొక ముక్క కత్తిరించి అతికేవారు. ఆ ముక్కలన్నీ ఫోనులోకి దిగాలి. ఇప్పుడు ఒక్క వరుస రాత వస్తే నీడను ఫోనే వేసుకుంటుంది. పార్వతీపురం కొండల్లో సిగ్నలు అందీ అందని ఊళ్ళో ఫలితం కోసం కాచుకున్న పిల్లవాడికి ఈ తేడా చిన్నది కాదు. అలాగని మసక అంకెను 80 చేసి, వంద పెట్టెలకు తగిలించి, వాటిని కదిలిస్తే పాత ఫోను ఆయాసపడుతుంది.

ఇంకొక సంగతి. ఒక పెట్టె నీడ కుడికీ, మరొకదాని నీడ ఎడమకూ వేయకండి. ఊరికి సూర్యుడు ఒక్కడే గదా!

శ్రీకాకుళం 18 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీద వున్నది. అందువల్ల మే నెల నడుమ ఒకసారి, జూలై చివర ఒకసారి, నడిమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ వుండదు. ఆ రెంటి నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికీ, మిగిలిన ఏడాదంతా ఉత్తరానికీ పడుతుంది. తెరను పటం అనుకుంటే పైభాగం ఉత్తరం. నీడ ఉత్తరానికి పోవాలంటే రెండవ అంకె ముందు మైనస్ గుర్తు పెట్టాలి. పెరట్లో ఒక కర్ర పాతండి. మీ ఊళ్ళో ఆ గుర్తు ఏ తేదీన మారుతుందో చూచి రాసుకోండి.