ఉప్పల్‌ను విడదీయండి చూద్దాం!

హైదరాబాద్ తూర్పు వైపున ఉప్పల్, నాచారం ఇరుగుపొరుగు. ఉప్పల్ పిన్‌కోడ్ 500039, నాచారానిది 500076. మొదటి మూడంకెలు హైదరాబాద్‌వి, చివరి మూడు ఆ పోస్టాఫీసువి. ఉత్తరం చేరడానికి అంతవరకూ తెలిస్తే చాలు. కానీ లెక్కల మాస్టారి కళ్లతో చూస్తే ఈ రెండు సంఖ్యల స్వభావాలకూ పొంతనే లేదు!

నాచారం మెతక. సరి సంఖ్య కాబట్టి 2తో పోతుంది. అంకెలన్నీ కలిపితే 18, కాబట్టి 9తోనూ పోతుంది. కాగితం, పెన్సిల్ ఉంటే కాసేపట్లో 2×2×3×3×29×479 అని తేలిపోతుంది.

ఉప్పల్ మాత్రం మొండిఘటం. 7తో భాగిస్తే 1 మిగులుతుంది. 11తోనూ ఒకటే, 17తోనూ ఒకటే! 463 దగ్గర కాస్త ఆశ పుడుతుంది. తీరా చూస్తే 463×1080 = 500040. ఒక్క అంకె తేడాతో తప్పిపోతుంది. ఇలా 121 ప్రధాన సంఖ్యలు ఓడిపోయాక, 122వది లొంగదీస్తుంది. అదే 673. జవాబు: 673×743.

ఇప్పుడు తిరగేసి చూడండి. 673ను 743తో గుణించమంటే హైస్కూలు పిల్లలు నిమిషంలో చెప్పేస్తారు. కలపడం తేలిక, విడదీయడం కష్టం. కోట్ల రూపాయలకు కాపలా కాస్తున్న కిటుకు ఇదే!

1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మాన్ అనే ముగ్గురు దీంతోనే ఓ తాళం తయారుచేశారు. పేరు ఆర్‌ఎస్ఏ. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని అందరికీ చెప్పేస్తారు. దాంతో ఎవరైనా తాళం వేయొచ్చు. తీయాలంటే మాత్రం ఆ రెండు సంఖ్యలూ తెలియాలి. అదే ఏడాది వాళ్లు 129 అంకెల సంఖ్యనిచ్చి విడదీయమని సవాలు విసిరారు. 1994లో సుమారు 600 మంది ఔత్సాహికులు 1600 కంప్యూటర్లతో ఆ పని పూర్తిచేశారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా లొంగింది. అందుకే ఇప్పుడు ఎక్కువగా 617 అంకెల సంఖ్యల్ని వాడుతున్నారు. బ్యాంకు వెబ్‌సైటు అసలుదో నకిలీదో తేల్చే సర్టిఫికెట్లలో చాలావాటికి అండ అవే.

మరి ఈ తాళానికి ఢోకా లేదా? విడదీయడం నిజంగానే కష్టమని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. తేలిక దారి దొరకలేదు, అంతే! పైగా పెద్ద క్వాంటమ్ కంప్యూటరంటూ తయారైతే ఈ పని చిటికెలో చేయొచ్చని 1994లోనే పీటర్ షోర్ చూపించాడు. ఆ రోజు రాకముందే తాళాలు మార్చుకోవాలని 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కొత్త పద్ధతులను ప్రకటించింది.

అంతదాకా ఇంటిల్లిపాదికీ ఓ ఆదివారం ఆట. మీ పిన్‌కోడ్ కాగితం మీద రాసి భాగించడం మొదలుపెట్టండి. అది నాచారంలా మెతకో, ఉప్పల్‌లా మొండో తేలిపోతుంది!