తమ్ముడికి బండి తాళం ఇచ్చే ముందు...

శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి గుడికి ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి జనం బారులు తీరుతారు. ఆ రద్దీలో పూజకు తెచ్చిన కొత్త బండ్లూ ఉంటాయి. హ్యాండిల్‌కు పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. డబ్బు కట్టింది అన్న, తాళం మాత్రం తమ్ముడి చేతిలో. ఆ తమ్ముడికి మీసాలు కూడా సరిగా రాని వయసైతే?

'అన్నా, నీకు జాబ్ వచ్చింది కదా, స్పోర్ట్స్ బైక్ ఇప్పించన్నా!' రేపు మీకు ఆఫర్ లెటర్ రాగానే ఇంట్లో వినిపించే మొదటి కోరిక ఇదే కావచ్చు. సుగ్గికి పోయి మనల్ని చదివించిన అమ్మానాన్నల ఇళ్లలో 'మనకు లేనిది వాడికైనా ఉండనీ' అనుకోవడం సహజం. ఆ ప్రేమను తప్పు పట్టలేం. కానీ వాడికి 18 ఏళ్లు నిండకపోతే బైకైనా, కారైనా ఇవ్వకండి.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇక్కడ యజమాని అంటే ఆర్‌సీలో పేరున్న మీరే. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో మీపై కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం ఆ ఒక్క గడి దగ్గర ఇరుక్కోవచ్చు.

2024 మే నెలలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొని, బైక్‌పై వెళ్తున్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. ఇద్దరికీ 24 ఏళ్లే. అప్పుడప్పుడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్నవాళ్లు. కుర్రాడి తండ్రినీ పోలీసులు అరెస్టు చేశారు.

మరి తమ్ముడికి 18 నిండితే? అప్పుడూ తొందర వద్దు. మొదట ఎల్ఎల్ఆర్, ఆ తర్వాత పక్కా లైసెన్స్ తీసుకోనివ్వండి. బండి వాడిదే అనుకుంటే ఆర్‌సీ కూడా వాడి పేరునే ఉండాలి. మీ పాత బండి ఇస్తున్నా ఫారం 29, 30 నింపి పేరు మార్పించండి. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాద పరిహారానికి పాత యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నడిపేవాడికి లైసెన్స్ లేకపోతే బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును మీ దగ్గరే వసూలు చేసుకునే వీలుంది.

ఇక డబ్బు సంగతి. 2 లక్షల అప్పును 11 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 6,550 రూపాయలు. తొలి జీతం 20 వేలైతే దాదాపు మూడో వంతు అక్కడికే పోతుంది. తీరా చూస్తే, ఎత్తుగా, ఇరుకుగా ఉండే ఆ వెనక సీటుపై అమ్మను కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లడం కూడా కష్టమే.

తమ్ముడికి ఇవ్వాలనుంటే మంచి ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వండి, లైసెన్స్ ఫీజు కట్టండి, కోచింగ్‌కు సాయం చేయండి. మామూలు బండిపై ఏడాది పాటు జాగ్రత్తగా తిరిగి చూపిస్తే, అప్పుడు పెద్ద బండి గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. వాడు నాలుగు రోజులు అలుగుతాడు, అలగనివ్వండి.