ఒకే పెట్టె, రెండు లెక్కలు



ఈ నెల కంప్యూటరు గురించి వ్రాస్తున్నానని ఆశ్చర్యపడకండి. నేను చదివినది వేదాంత డిప్లొమా మాత్రమే. అయితే ఈ సంగతి వలన నేను ఒక సహోదరుని ఎదుట తల దించుకోవలసి వచ్చింది గనుక చెప్పక తప్పదు.

2013లో ఉదయగిరి ప్రాంతములో సేవ చేస్తున్నప్పుడు, సంఘము కొరకు ఆత్మకూరులో ఒక కంప్యూటరు కొన్నాము. అందులో విండోస్ 7 ఉన్నది. కానుకలు, దశమభాగములు వ్రాసుకొనే మా లెక్కల ప్రోగ్రాము మాత్రము విండోస్ 98 నాటిది. దానిని ఎక్కించేటప్పుడు, సీ డ్రైవులో తన పేరుతో ఒక ఫోల్డరు చేసుకొంటానని అది అడిగింది. అంగడి కుర్రవాడు ఒప్పుకోలేదు. "ప్రోగ్రాములన్నీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉండాల అయ్యగారూ, బయట ఉంటే గలీజుగా ఉంటాది" అని దారి మార్చి అక్కడ పెట్టాడు. కోశాధికారికి ఒక లాగిన్, నాకు ఒక లాగిన్ చేసి ఇచ్చాడు.

కోత పండుగ అయిన తరువాత నేను తెరచి చూస్తే పండుగ కానుకలు 18,450 రూపాయలు లెక్కలో లేవు. కోశాధికారిని అడిగాను. "ఆ రాత్రే ఎక్కించినా గదయ్యగారూ" అన్నాడు. మరల చూశాను, లేవు. పెద్దల కూడికలో ఈ మాట వచ్చినప్పుడు నేను ఆయన పక్షమున మాట్లాడక ఊరకుండిపోయాను. ఆ తరువాత రెండు ఆదివారములు ఆయన ఆరాధనకు వచ్చి, వెనుక వరుసలో కూర్చుండి, ముగియగానే వెళ్ళిపోయాడు.

సెలవులకు వచ్చిన మా చెల్లెలి కొడుకు రెండు లాగిన్‌లూ తెరచి చూశాడు. "మామయ్యా, డబ్బు ఎక్కడికీ పోలేదు. లెక్కే రెండు చోట్ల ఉంది" అన్నాడు.

జరిగినది ఇది. 2007లో జనము చేతికి వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో ఎవరుబడితే వారు వ్రాయకుండ కాపలా పెట్టారు. వైరసులు చొరబడకుండ అది మంచిదే. కాని పాత ప్రోగ్రాములకు ఈ కాపలా సంగతి తెలియదు. అవి తమ లెక్కల ఫైలును తమ ప్రక్కనే పెట్టుకొంటాయి. వద్దంటే ఆగిపోతాయని విండోస్ ఒక ఉపాయము చేస్తుంది. వ్రాసినదానిని, వాడే మనిషికి చెందిన చోట వర్చువల్ స్టోర్ అనే ఫోల్డరులో కాపీగా దాస్తుంది. ప్రోగ్రాము మాత్రము అసలు చోటనే వ్రాశాననుకొంటుంది. ఆ విధముగా కోశాధికారి వ్రాసినది ఆయనకే కనబడింది, నేను వ్రాసినది నాకే. ఏ హెచ్చరికా రాలేదు.

మా అల్లుడు ముందుగా ఆ రెండు కాపీలను పెన్ డ్రైవులోనికి తీశాడు. ప్రోగ్రామును తొలగించి, అది మొదట అడిగిన ఫోల్డరులోనే మరల ఎక్కించాడు. కోశాధికారి కాపీని అందులో పెట్టి, నేను వ్రాసినవాటిని చేతితో చేర్చాము. మధ్యరాత్రి దాటింది.

కాబట్టి పాత ప్రోగ్రాము ఏ ఫోల్డరు అడిగితే అదే ఇవ్వండి. ఒకవేళ అదే ప్రోగ్రామ్ ఫైల్స్ అడిగి, ఒకే కంప్యూటరును ఇద్దరు వాడేటట్లయితే, సీ డ్రైవులో విడిగా ఒక ఫోల్డరు చేసి అందులో పెట్టించండి. ఈ కాలపు ప్రోగ్రాములను వాటి చోటునుండి కదపనక్కరలేదు.

సీ డ్రైవు నిండిందని పేజ్‌మేకర్ వంటివి డీ డ్రైవులో వేయించేవారు కూడ ఉన్నారు. సీ డ్రైవును ఫార్మాట్ చేస్తే డీలో ఫోల్డరు అట్లే ఉంటుంది గాని, విండోస్‌లో దాని నమోదులు పోతాయి గనుక ప్రోగ్రాము సరిగా నడవదు. అను ఫాంట్లు కూడ పోతాయి. వాటితో కొట్టిన తెలుగు అర్థము లేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడుతుంది. డీ డ్రైవు మీరు వ్రాసుకొన్నవాటిని దాచుకొనుటకు మంచిది. ప్రోగ్రాము డిస్కులు మాత్రము పారవేయకండి.

మరుసటి ఆదివారము ఆరాధన ముగియకముందే, తప్పు కంప్యూటరుదీ నాదీ అని అందరి ఎదుట చెప్పాను. కోశాధికారి మరల లెక్కలు చూడటానికి ఒప్పుకొన్నాడు. అయితే ఆ రోజు నుండి కానుకలను ముందు నోటుపుస్తకములో వ్రాసి, నా సంతకము తీసుకొన్న తరువాతనే కంప్యూటరులో ఎక్కించేవాడు.