పురుషాంగానికి పోగు: పరువు మాటున పెరిగే పుండు

పురుషాంగానికి పోగు కుట్టడమంటే శిశ్నం చర్మానికో, దాని కొనకో, కింది తిత్తికో సూదితో రంధ్రం చేసి లోహపు రింగునో కడ్డీనో నిలపడం. రకాలు చాలా ఉన్నా గాయం లోతును బట్టి చూస్తే మూడే తరగతులు. ముందోలుకు, శిశ్నం అడుగున ఉండే పలుచని చర్మానికి, తిత్తికి వేసేవి చర్మాన్ని మాత్రమే దాటుతాయి. మూత్రద్వారంలోంచి దూరి కొన అడుగు భాగాన బయటికొచ్చే రింగు రెండో తరగతి. మూడోది కొన కండను అడ్డంగానో నిలువుగానో ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటే కడ్డీ. ఎక్కువ రక్తం పోయేదీ, మానడానికి నెలలు పట్టేదీ ఇదే.

వేలూరులోనైనా గుడియాత్తంలోనైనా, సరిహద్దు దాటి చిత్తూరు, పలమనేరులోనైనా ఈ సంగతి చెవిన పడితే వినిపించే తీర్పు ఒక్కటే. తెల్లవాళ్ల వెర్రి మనవాళ్లకు అంటుకుంది, నలుగురిలో ఎత్తవలసిన మాట కాదు, చేయించుకున్నవాడి ఖర్మ వాడిది. చదువుకున్నవారూ ఇదే అంటారు, కాకపోతే కాస్త మర్యాదగా. ఈ తీర్పులో మొదటి ముక్క చరిత్ర తెలియక అన్నది. మిగతా రెండు ముక్కలు మనిషిని ఆసుపత్రి గడప తొక్కనివ్వనివి. అందుకే దీన్ని ఖండించవలసి వస్తోంది.

ముందు చరిత్ర సంగతి. సుమారు 3వ శతాబ్దం నాటి వాత్స్యాయనుడి కామసూత్రాల్లో ఏడో అధికరణం, రెండో అధ్యాయం ఈ పని గురించి చెబుతుంది. పిల్లల చెవులు కుట్టినట్టు దక్షిణాదివాళ్లు పురుషాంగాన్ని కుట్టిస్తారని అందులో ఉంది. ఉత్తరాది రచయిత దక్షిణాదికి అంటగట్టిన అలవాటును దక్షిణాది ఇప్పుడు పడమటికి అంటగడుతోందన్నమాట. 1వ శతాబ్దంలో రోములో సెల్సస్ అనే వైద్య రచయిత, కుర్రవాళ్ల ముందోలుకు సూదీదారంతో రంధ్రం చేసి రింగు తొడిగే పద్ధతిని రాసిపెట్టాడు. గొంతు చెడకుండా కొందరికి, ఆరోగ్యం పేరుతో మరికొందరికి అలా చేసేవారట. చాలాసార్లు అది అనవసరమని కూడా ఆయనే తేల్చాడు. 1521లో మెజెల్లాన్ ఓడల్లో ఫిలిప్పీన్స్ చేరిన పిగాఫెట్టా, అక్కడి మగవాళ్ల శిశ్నాగ్రంలో బంగారు, తగరపు కడ్డీలు చూశానని రాశాడు. మన దేశంలో కరలింగులనే శైవ బైరాగులు అంగానికి ఇనుప రింగు, గొలుసు తగిలించుకుని తిరిగేవారని 19వ శతాబ్దంలో హెచ్.హెచ్. విల్సన్ నమోదు చేశాడు. వాత్స్యాయనుడు భోగానికి చెప్పినదాన్ని బైరాగి ఇంద్రియాలను జయించానని చాటడానికి వాడాడు. గాయానికి మాత్రం భోగమూ వైరాగ్యమూ ఒకటే.

ఈ చరిత్ర చూపగానే ఎదుటిపక్షం గొంతు మారుతుంది. అయితే ఇది మన పూర్వుల విద్యేనన్నమాట, ఇంకేం, వాళ్లు చెప్పినట్టే చేస్తే సరి అంటారు కొందరు. ఇది మొదటిదానికన్నా చెడ్డ వాదన. ఆ గ్రంథం చెప్పిన విధానమేమిటో చూస్తే చాలు. యువకుడు కత్తితో కోయించుకుని, నెత్తురు ఆగేదాకా నీళ్లలో నిలబడాలి. రంధ్రం పూడకుండా ఆ రాత్రే సంభోగం చేయాలి. రోజు విడిచి రోజు కషాయాలతో కడగాలి. వేతసం, కొడిశపాల పుల్లలను క్రమంగా లావుపాటివి మార్చుతూ రంధ్రాన్ని పెంచాలి. అతిమధురం, తేనె కలిపి శుభ్రం చేయాలి. తర్వాత సీసపు రేకు చుట్టి ఇంకా వెడల్పు చేయాలి, చివర నల్లజీడి నూనె పూయాలి. ఇందులో కడగడం, తేనె, మెల్లగా పెంచడం అనే మూడింటికి వైద్యపరంగా కొంత అర్థముంది. చెవి కుట్టాక దూది వత్తిని మూడు రోజులకోసారి లావు చేయమన్న సుశ్రుతుడి ఆలోచనా అలాంటిదే. కానీ కోసిన రాత్రే సంభోగమంటే పచ్చి పుండును ఇంకొకరి శరీర ద్రవాలకు తెరిచి పెట్టడం. సీసం విషం. ఇక నల్లజీడి రసం తగిలితే చేతి చర్మమే బొబ్బలెక్కుతుందని చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టినవారెవరైనా చెబుతారు. పాతదైనంత మాత్రాన పథ్యమైపోదు.

పురాణాలు అల్లడం మనకే వచ్చిన విద్య కూడా కాదు. లాస్ ఏంజెలెస్‌లో 1975లో జిమ్ వార్డ్ పోగుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయనకు అండగా నిలిచిన డగ్ మల్లాయ్ ఒక కరపత్రంలో ఒక్కో పోగుకూ ఒక్కో ప్రాచీన గాథ కట్టాడు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మూత్రద్వారానికి రింగు పెట్టుకున్నాడన్న కథ అలా ప్రపంచమంతా పాకింది. దానికి ఆధారమేదీ లేదు. పోగు కావాలనుకునే కుర్రవాడికి ఆల్బర్ట్ కథా, వాత్స్యాయనుడి పేరూ సమానంగా పనికిరానివే.

పరాయి జబ్బు మన గడప తొక్కదన్న ధీమా ఎంత ఖరీదైనదో వేలూరుకు తెలిసినట్టు మరో ఊరికి తెలియదు. 1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన సునీతి సాల్మన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని సేకరించిన రక్త నమూనాలను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ)కు తెచ్చి పరీక్షించారు. దేశంలో హెచ్ఐవీ మొదటిసారి బయటపడింది ఆ పరీక్షల్లోనే. అప్పటిదాకా అది విచ్చలవిడి పాశ్చాత్యుల రోగమనీ, మన కట్టుబాట్లు మనల్ని కాపాడతాయనీ పత్రికలు రాశాయి, పెద్దలు అన్నారు. కట్టుబాట్లకు సూక్ష్మక్రిములు కట్టుబడవు. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రావడానికి కులగోత్రాలు అడ్డు రావు.

ఇంకో నమ్మకం ఉంది. చెవి కుట్టే ఆచారి ఇదీ కుట్టగలడని, ఆడికృత్తికకు కావడి ఎత్తి బుగ్గలకు శూలాలు గుచ్చుకున్నవాళ్లకు విభూతితోనే మానిపోతోంది కదా అని. వేలూరు జిల్లాలో ఈ మాట సులభంగా నోటికొస్తుంది, ఎందుకంటే మురుగన్ గుళ్లలో ఆ దృశ్యం అందరూ చూసినదే. కానీ బుగ్గన గుచ్చిన శూలాన్ని ఆ పూటే తీసేస్తారు. పోగు నెలల తరబడి పుండులోనే ఉంటుంది. శరీరం దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది. చెవితమ్మె కొవ్వుముక్క, రక్తం తక్కువ. శిశ్నాగ్రం రక్తంతో నిండే స్పంజి. పైగా మగవాడు నిద్రలో ఉండగానే అది రాత్రికి మూడు నుంచి అయిదు సార్లు తనంతట తానే గట్టిపడుతుంది. ఆ సాగుదలకు చోటివ్వని పొట్టి కడ్డీ కండలోకి దిగబడిపోతుంది. చెవికి సరిపోయే సన్నని తీగ ఇక్కడ చర్మాన్ని కోసుకుంటూ బయటికొచ్చేస్తుంది. అందుకే మూత్రద్వారపు రింగుకు కనీసం 2 నుంచి 2.4 మిల్లీమీటర్ల మందం వాడతారు. ఆచారి నేర్పును తక్కువ చేయనక్కర్లేదు. ఆయన నేర్చుకున్నది వేరే అవయవం, అంతే.

సరిగా చేసే పని ఎలా ఉంటుందో తెలిస్తే తప్పుగా చేసేది పట్టుబడుతుంది. సూది బోలుగా ఉండి, సీలు వేసిన పొట్లంలోంచి ఆ ఒక్కరి కోసమే బయటికి రావాలి. తిరిగి వాడే పరికరాలు ఆటోక్లేవులో పీడనంతో కూడిన 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉండాలి. మరిగే నీళ్లలో ముంచి తీయడం, దీపం మంటలో కాల్చడం దీనికి సాటిరావు. చెవులకు వాడే తుపాకీలాంటి యంత్రాన్ని ఇక్కడ వాడేవాడి దగ్గరనుంచి లేచి రావాలి. అది కండను నలగ్గొడుతుంది, దాని ప్లాస్టిక్ భాగాలు ఆటోక్లేవు వేడికి నిలవవు. లోహం ఎముకలకు అమర్చే తరగతి టైటానియం కావాలి. గిల్టు నగల్లోని నికెల్ చర్మానికి దద్దుర్లు తెస్తుంది. మత్తు ఇంజెక్షన్ డాక్టరు తప్ప ఇంకెవరూ ఇవ్వకూడదు. ధనుర్వాతం టీకా, హెపటైటిస్ బి టీకా ముందే పూర్తయి ఉండాలి. రెండోది 0, 1, 6 నెలల్లో మూడు మోతాదులు గనుక తొందరపడేవాడికి ఇక్కడే ఆరు నెలలు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. 18 ఏళ్లు నిండనివారు, అదుపులేని మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గుండె కవాటాల జబ్బున్నవారు దీని జోలికే పోకూడదు. కొన కండను దాటే కడ్డీని దుకాణాల్లో ఎవరూ, ఎంత అనుభవమున్నా, వేయకూడదు. పేరుకు అది పోగు, జరిగేది శస్త్రచికిత్స.

తర్వాతి సంరక్షణలో చేయవలసింది తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. సబ్బుతో చేతులు కడుక్కోకుండా తాకకూడదు. మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్‌తో రోజుకు ఒకటి రెండుసార్లు తడిపి, శుభ్రమైన గాజుగుడ్డతో అద్ది ఆరనివ్వాలి. మొదటి కొన్ని రోజులు, ముఖ్యంగా మూత్రద్వారపు రింగుకు, కొంచెం కొంచెంగా నెత్తురు కనబడుతుంది. లేత పసుపు రంగు రసం ఊరి పెచ్చుకట్టడం మానుతున్న లక్షణం. పసుపు ముద్ద, కొబ్బరినూనె, విభూతి, డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, వీటిలో ఏదీ వద్దు. కొన్ని పుండును మూసిపెడతాయి, కొన్ని కొత్తగా పుట్టే కణాలనే చంపుతాయి. రింగును తిప్పి చూడాలనే చేతి దురదను అణచుకోవాలి. చెరువుల్లో, కోనేళ్లలో మునగకూడదు. బిగుతు ప్యాంట్లు మాని వదులు నూలుబట్ట కట్టుకోవాలి. లుంగీలు నేసే గుడియాత్తంలో ఈ సలహా ఎవరికీ భారం కాదు. మూత్రద్వారపు రింగు 4 నుంచి 8 వారాల్లో, చర్మపు పోగులు రెండు మూడు నెలల్లో మానుతాయి. కొనను దాటిన కడ్డీకి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మానేదాకా సంభోగం ఏ రూపంలోనూ పనికిరాదు. మానిన తర్వాత కూడా రింగు తగిలి కండోమ్ చిరిగే అవకాశం ఉంటుంది. మూత్రం ధార చీలి రెండుగా పడటం మామూలే, కూర్చుని పోయడం అలవాటు చేసుకోవాలి.

ప్రమాద సూచనలు వేరు. చిక్కటి దుర్వాసన చీము, జ్వరం, ఎర్రదనం తొడలవైపో పొత్తికడుపువైపో పాకడం, చర్మం నల్లబడటం, మూత్రం ఆగిపోవడం, వెనక్కి జారిన ముందోలు వాచి ముందుకు రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. మధుమేహం ఉన్నవారిలో ఈ ప్రాంతపు ఇన్ఫెక్షన్ గంటల్లోనే కండను కుళ్లబెట్టగలదు. భయపడి సొంతంగా రింగు పీకేయడం ఇంకో పొరపాటు. పైరంధ్రం మూసుకుపోయి చీము లోపలే నిలుస్తుంది. తీయాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి.

ఈ జాగ్రత్తలన్నిటికీ అడ్డు పడేది మొదట చెప్పిన తీర్పే. పరువుకు భయపడి వారాల తరబడి దాచిన పుండు పెద్దదవుతుంది. ఇలా మాట్లాడితే కుర్రవాళ్లను ఎగదోసినట్టు కాదా అని అడిగేవారున్నారు. ఆరు నెలల సంయమనం, మూడు మోతాదుల టీకా, చీలిపోయే మూత్రధార అని వివరంగా విన్నాక ఉత్సాహం పెరిగే కుర్రవాళ్లు అరుదు. ఎగదోసేది మౌనమే, ఎందుకంటే మౌనంలో వినబడేది దుకాణదారు గొంతొక్కటే. సున్తీ సంగతి చూస్తే విషయం తేటపడుతుంది. ఒకప్పుడు ఇంటికి వచ్చే వృత్తివారి కత్తితో జరిగిన ఆ పని ఆంబూరు, పేర్ణాంబట్టు, మేల్విషారంలో చాలా కుటుంబాల్లో ఇప్పుడు ఆసుపత్రి గదిలో జరుగుతోంది. దానివల్ల ఏ పరువూ పోలేదు.

ప్రభుత్వం వైపు నుంచి కనబడేది పోలీసు చేయి మాత్రమే. 2024 డిసెంబరులో తిరుచిరాపల్లిలో నాలుకలు రెండుగా చీల్చుతున్న టాటూ దుకాణాన్ని మూసివేసి, నడిపినవారిని అరెస్టు చేశారు. డాక్టరు చేయవలసిన పనిని దుకాణంలో చేసినందుకు అది న్యాయమే. అయితే పోగులు కుట్టే దుకాణాల్లో ఎవరు, ఏ శిక్షణతో, ఏ పరికరాలతో పనిచేయాలో చెప్పే దేశవ్యాప్త ప్రత్యేక చట్టమంటూ లేదు. హోటలు వంటగదిని తనిఖీ చేసే రాజ్యం రక్తం చిందే బల్లను తనిఖీ చేయకపోవడం వింత.

రాయలసీమవాళ్లు నేటికీ రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచుకునే సీఎంసీ పుట్టుకలోనే ఈ వాదానికి జవాబుంది. 1890ల తొలినాళ్లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ప్రసవం కాలేక చనిపోయారు. మగ డాక్టరు తాకడానికి వారి ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. అది చూసిన ఐడా స్కడర్ అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఆనాడు పరువు ఆడవాళ్లను చంపింది. మగవాళ్ల విషయంలో అదే పరువును సంస్కృతి అని పిలవడం తగదు.

పోగు కుట్టించుకున్నవారికి చెప్పవలసింది ఇంతే. చీము కనబడిన రోజే గుడియాత్తం ప్రభుత్వ ఆసుపత్రికో, వేలూరు దగ్గర అడుక్కంపారైలోని ప్రభుత్వ వైద్య కళాశాలకో, సీఎంసీ యూరాలజీ ఓపీకో వెళ్లండి. ఎప్పుడు కుట్టించారో, ఏ లోహమో, పుండుకు ఏమేం పూశారో డాక్టరు అడగకముందే చెప్పండి. ఎంఆర్ఐ తీసేముందు, మూత్రనాళంలో గొట్టం వేసేముందు పోగు ఉందన్న సంగతి దాచకండి.