కాలనీ డాక్టరు మీద మోపిన నేరం

కరోనా ప్రస్తావన వస్తే చాలు, ఒక తీర్పు వినబడుతూనే ఉంది. బస్తీల్లో, కాలనీల్లో క్లినిక్కులు నడిపే చిన్న డాక్టర్లు సగంమంది 2020లో షట్టర్లు దించుకుని ఇళ్లలో కూర్చున్నారట. మిగతా సగం జ్వరమని వచ్చిన ప్రతివాడికీ స్టెరాయిడ్లు రాసి బ్లాక్ ఫంగస్ తెచ్చిపెట్టారట. కాబట్టి ఇంకో మహమ్మారి వస్తే పెద్దాసుపత్రులనూ ప్రభుత్వ యంత్రాంగాన్నీ నమ్ముకుని, వీళ్లను పక్కన పెట్టాలట. ఈ మాట అంటున్నది చదువుకున్నవాళ్లే. ఇది తప్పు. దీన్ని నమ్మి ప్రణాళికలు వేస్తే రేపు పోయేవి జనం ప్రాణాలు.

ముందు షట్టర్ల సంగతి. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కేసు బయటపడింది. కొద్ది వారాల్లోనే హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కరోనాకే కేటాయించారు. మల్కాజ్‌గిరి, మౌలాలి, లాలాపేట నుంచి షుగరుకీ బీపీకీ గాంధీకి వెళ్లేవాళ్లు ఎక్కడికి పోవాలి? గల్లీ చివరి క్లినిక్కుకే. అక్కడ ఉండేది ఒకే గది, దానికి ఒకే తలుపు. ఎన్95 మాస్కు బజార్లో దొరకదు. దగ్గుతో వచ్చిన మనిషికి పరీక్ష రాద్దామంటే ప్రైవేటు ల్యాబులకు అనుమతి లేదు. అనుమతించమని మే 20న హైకోర్టు చెప్పింది. జూన్ 15న ప్రభుత్వం 2,200 రూపాయల ధర పెట్టి ప్రైవేటు ల్యాబులను అనుమతించింది. అంటే మూడున్నర నెలలు, ఎదుట కూర్చున్న రోగికి కరోనా ఉందో లేదో తేల్చుకునే దారే ఆ డాక్టరుకు లేదు. ఈలోగా ఏప్రిల్‌లో, జ్వరానికీ దగ్గుకీ మందులు కొనేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోమని మెడికల్ షాపులకు ఆదేశం వెళ్లింది. పేర్లు పైకి వెళ్లాయి. ఏ వీధిలో జ్వరాలు పెరుగుతున్నాయో ఆ వీధి డాక్టరుకు తిరిగి చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. బులెటిన్లలో ఇస్తున్న వివరాలు చాలవని హైకోర్టే ఆ ఏడాది పలుమార్లు మందలించింది.

అయినా తెరిచి కూర్చున్నవాళ్లు ఉన్నారు. 2020 ఆగస్టు మొదటి వారానికే దేశంలో 196 మంది డాక్టర్లు కరోనాతో చనిపోయారని భారత వైద్య సంఘం లెక్క చెప్పింది. అందులో 170 మంది యాభై దాటినవాళ్లు. దాదాపు 40 శాతం జనరల్ ప్రాక్టీషనర్లు. షట్టరు దించుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ల లెక్క ఇలా ఉండదు. ఆరోగ్య సిబ్బందికి కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా ఈ కుటుంబాలకు అందిందా అంటే, మీ సేవలను ప్రభుత్వం ప్రత్యేకంగా కోరలేదు కాబట్టి వర్తించదన్నారు. మహారాష్ట్రలో ఒక డాక్టరు కుటుంబం హైకోర్టులో 2021లో ఓడిపోయింది. అలా విడిగా కోరిన కాగితం చూపించనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 డిసెంబరు వచ్చింది. క్లినిక్కు ఎందుకు మూశావని అడిగే ముందు, తెరిచి చచ్చిపోయినవాడికి మనం ఏం చేశామో అడగాలి.

ఇక స్టెరాయిడ్లు. డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని బ్రిటన్ రికవరీ ట్రయల్ 2020 జూన్ 16న ప్రకటించింది. వెంటిలేటరు మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేని రోగికి లాభం లేదని కూడా అదే ట్రయల్ తేల్చింది. మొదటి మాట ఊరంతా పాకింది, రెండోది పాకలేదు. కాలనీ డాక్టరుకు అసలు కావాల్సింది ఆ రెండోదే. ఎందుకంటే అతని దగ్గరికి వచ్చేది మూడోరోజు జ్వరంతో నడిచి వచ్చే మనిషి.

2021 రెండో వేవ్ చూడండి. ఇంట్లో ఉండే రోగులకు ఐవర్‌మెక్టిన్ ఆలోచించవచ్చని ఏప్రిల్ 28న కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మే 17న ఎయిమ్స్, ఐసీఎంఆర్ తమ చికిత్సా మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేశాయి, ఐవర్‌మెక్టిన్‌ను ఉంచాయి. మే 27న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ దాన్నీ, హైడ్రాక్సీక్లోరోక్విన్‌నూ తీసేసింది. ఐసీఎంఆర్ జాబితాలో మాత్రం ఆ రెండూ సెప్టెంబరు దాకా ఉన్నాయి. ఒకే ప్రభుత్వానికి చెందిన రెండు సంస్థలు నాలుగు నెలలపాటు రెండు మాటలు చెబుతుంటే, రోజంతా రోగుల మధ్య మాస్కు తియ్యకుండా గడిపే డాక్టరు ఏ కాగితాన్ని నమ్మాలి? వాట్సాప్‌లో ఎవరో పంపిన ప్రిస్క్రిప్షన్ ఫోటోయే అతనికి గ్రంథమైంది. జ్వరం తొందరగా దిగితే పేరొస్తుందని తెలిసి తెలిసి మొదటిరోజే స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లూ, కమీషను కోసం సీటీ స్కాన్‌కు పంపినవాళ్లూ ఉన్నారు. వాళ్లను నేను వెనకేసుకురాను. కానీ స్టెరాయిడ్లు మోతాదు మించి వాడింది గల్లీల్లోనే అనడం అబద్ధం. షుగరు అదుపు తప్పిన రోగికి ఎక్కువ రోజులు స్టెరాయిడ్ ఇస్తే ఫంగస్‌కు దారి తెరుచుకుంటుంది. రాసిన డాక్టరు ఏ బోర్డు కింద కూర్చున్నాడో ఫంగస్‌కు అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది తార్నాక. ఉస్మానియా క్యాంపస్ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ. ఉప్పల్ రోడ్డు ఎక్కితే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఇంకాస్త ముందుకెళ్తే కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. దేశంలో ఇంత విజ్ఞానం ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు తక్కువ. జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాల్లో యాంటీబాడీలున్నవాళ్లు 2020 మే నాటికి 0.33 శాతమని, ఆగస్టుకు 12.2 శాతమని లెక్కగట్టింది పోషకాహార సంస్థే. సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి మురుగునీటిని పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అదే ఆగస్టులో చెప్పాయి. రాష్ట్రం మొత్తం మీద అధికారిక కేసులు అప్పటికి లక్షకు లోపే. ఇది ఎంత పెద్ద వార్త! ఎదుట కూర్చున్న దగ్గు రోగిని చూసే తీరే మార్చాల్సిన వార్త. మాణికేశ్వర్‌నగర్‌లోనో మెట్టుగూడలోనో ఉన్న డాక్టరు దాన్ని అందరితోపాటు మర్నాడు పేపర్లో చదువుకోవాల్సి వచ్చింది. తప్పు శాస్త్రవేత్తలది కాదు, వాళ్ల పని వాళ్లు చేశారు. ఆ లెక్కను రోడ్డు దాటించి, 'మీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంతమందికి ఉండొచ్చు, ఇలా చూడండి' అని డాక్టరు చేతిలో పెట్టే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

చేయలేని పనా ఇది? సింగపూర్ 2020 ఫిబ్రవరిలోనే వందలాది ప్రైవేటు క్లినిక్కులను మహమ్మారి క్లినిక్కులుగా రంగంలోకి దించింది. రక్షణ సామగ్రి ఇచ్చింది, రోగి కట్టే ఫీజులో రాయితీ భరించింది. మనదగ్గరా టెలిమెడిసిన్ నిబంధనలు 2020 మార్చి 25న, సరిగ్గా అవసరమైన వేళ వచ్చాయి. ఫోన్లో మందు రాయొచ్చా అన్న భయం ఆ ఒక్క కాగితంతో తీరింది.

చిన్న క్లినిక్కులు లెక్కకు అందవని, వాటికి ఎలా చెప్పగలమని అధికారులు అనే మాట కూడా నిలవదు. క్లినిక్కు పెట్టాలంటే జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. 2012 నుంచి ప్రైవేటు డాక్టరు ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలపాలి. తెలపకపోతే శిక్ష పడవచ్చని 2018లో గెజిట్ వచ్చింది. తెలిపితే అయిదొందలు ఇస్తారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో ఉన్నాయి. సమాచారం పుచ్చుకోవడానికి పనికొచ్చే ఆ నంబరుకే కొత్త మార్గదర్శకం వచ్చిన రోజు సాయంత్రం ఒక పేజీ సందేశం పంపవచ్చు. ఆ వారం వార్డులో జ్వరాల లెక్క, అనుమానం వస్తే ఫోన్ చేయడానికి ఒక సీనియర్ వైద్యుడి నంబరు అందులోనే పెట్టవచ్చు. మల్కాజ్‌గిరి, తార్నాకల నుంచే మొదలుపెట్టడానికి జిల్లా వైద్యాధికారులకు ఇంకో మహమ్మారి రావాల్సిన పని లేదు. ఈ వానాకాలం డెంగీ చాలు.