దొడ్డిదారి ధరలను నమ్మి బేరాలా?

అనంతపురం : యీ మెట్ట సీమలో సాలుకు సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ యిటూ మాత్రమే. యిక్కడి వర్తకుడు వానను నమ్మి పెట్టుబడి పెట్టడు, ధరను చూసి పెడతాడు. కనుక ఆ ధర ఏ దారిన వచ్చిందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఒకప్పుడు రాజ్‌కోట్, గోండల్ వేరుశనగ ధరలు ట్రంకు కాల్ మీదనో, తంతి ద్వారానో తెలిసేవి. నేడు వాట్సాప్‌లో వస్తున్నవి. అయితే కొన్నిచోట్ల వాటిని పంపుతున్నది మనిషి కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం. అది మార్కెట్ వెబ్‌సైట్లలోని అంకెలను ఎవరి అనుమతీ లేకుండా ఏరుకొంటుంది. ఆపైన వాట్సాప్ వెబ్ ముందు మనిషే కూర్చున్నట్లు నటించి వందల మందికి పంపుతుంది. యిందుకు ఉచిత సాధనాలు లభిస్తున్నవి. వాటిలో ఒకటైన వాట్సాప్-వెబ్.జెఎస్ తయారీదారులే, యీ పద్ధతిని వాట్సాప్ అనుమతించదనీ, నెంబరు నిలిపివేయబడదన్న హామీ లేదనీ ముందుగానే హెచ్చరిస్తున్నారు.

యీ ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్ల తెలివిని తప్పుపట్టనవసరం లేదు. వ్యాపార సంస్థల కోసం వాట్సాప్ 2018లో అధికార మార్గాన్ని తెరిచింది గాని, దానికి రుసుము వుంది, నియమాలు వున్నవి. చిన్న కమీషన్ కొట్టుకు ఆ ఖర్చు బరువే. దొడ్డిదారి చౌక. చౌక సరకులో తాలు ఎంతో చూసుకోవడం వర్తకునికి ఒకరు చెప్పవలసిన పని కాదు.

మొదటి తాలు, దారి ఎప్పుడు మూసుకుంటుందో తెలియకపోవడం. యాహూ సంస్థ వెబ్‌సైట్ నుంచి షేర్ల ధరలను ఉచితంగా తీసుకొనే ఒక మార్గం మీద ప్రపంచమంతటా ఎన్నో ప్రోగ్రాములు ఏళ్ల తరబడి నడిచాయి. ఆ వాడకం తమ షరతులకు విరుద్ధమంటూ 2017 నవంబరులో యాహూ దానిని నిలిపివేసింది. అడగడానికి ఒప్పందం లేదు, మొర వినే నాథుడు లేడు.

రెండవది నెంబరు. 2021 మే 15 నుంచి జూన్ 15 వరకు ఒక్క నెలలో భారతదేశంలో 20 లక్షల ఖాతాలను వాట్సాప్ నిషేధించింది. యిటువంటి నిషేధాలలో నూటికి 95కు పైగా అనుమతి లేని యాంత్రిక సందేశాలు, మూకుమ్మడి సందేశాల కారణంగానేనని ఆ సంస్థే తెలిపింది. రైతుల నోట నానిన కొట్టు నెంబరు అలా పోతే దాని నష్టం ఏ పద్దులో రాసుకోవాలి?

మూడవది అన్నిటికన్నా చెడ్డది. వెబ్‌సైట్‌లో గడులు మారితే ప్రోగ్రాం ఆగిపోకపోవచ్చు. కనిష్ఠ ధరను సగటు ధరగానో, నిన్నటి ధరను నేటిదిగానో పంపుతూ పోవచ్చు. 2023 జూలైలో మదనపల్లెలో టమోటా కిలో 100 రూపాయలు దాటింది. సెప్టెంబరుకల్లా కోతకూలి కూడా రాని స్థితి వచ్చింది. అటువంటి సరకులో ఒక పూట పాత ధర చాలు, లారీ లాభం మొత్తం పోవడానికి. ధర రాకపోతే వర్తకుడు ఫోను చేసి కనుక్కుంటాడు. తప్పు ధర వస్తే బేరం చేసేస్తాడు.

యిది గాక, క్యూఆర్ కోడ్ చూపి నెంబరును ఆ ప్రోగ్రాముకు జోడిస్తే కొట్టు సందేశాలన్నీ దానిని నడిపేవారి చేతికి అందుతాయి. ఏ పార్టీకి ఏ ధర చెప్పారో పరాయివారికి తెలియడం వ్యాపారానికి మేలు కాదు.

అధికార మార్గం శాశ్వతమని కాదు. రెడిట్ సంస్థ 2023లో భారీ రుసుము విధించగా, అపోలో వంటి పేరుపొందిన యాప్ ఆ జూన్ 30న మూతపడింది. కాని అక్కడ గడువు తెలిసింది, లెక్క చూసుకొనే వ్యవధి దొరికింది. దొడ్డిదారిలో ఆ పాటి వ్యవధి కూడా వుండదు.

మండీ ధరలను కేంద్ర ప్రభుత్వ డేటా.గవ్.ఇన్ వెబ్‌సైట్ నుంచి, పేరు నమోదు చేసుకొన్న వారు ఉచితంగా, అధికారికంగానే ప్రోగ్రాములోకి తెచ్చుకోవచ్చు. పంపే ఖర్చును పది కొట్లవారు కలిసి భరిస్తే బరువు తగ్గుతుంది. అయితే మార్కెట్ కమిటీలు ధరలను ఏ పూటవి ఆ పూట నమోదు చేయకపోతే యీ సలహాకు విలువ లేదు. అధికార ధర ఆలస్యమైతే వర్తకుడు దొడ్డిదారినే వెతుక్కుంటాడు.

ఈలోగా ప్రతి ధర పక్కన అది ఏ మార్కెట్‌దో, ఏ గంటదో అడగడం, కొట్టు అసలు నెంబరును ఏ ప్రోగ్రాముకూ అప్పగించకపోవడం, పెద్ద బేరానికి ముందు ఒక్క ఫోను చేయడం మంచిది. ధర తప్పితే ఒక బేరం పోతుంది. నెంబరు పోతే కొట్టు తలుపు మూసినట్లే.