సత్రమూ, సముద్రతీరపు విడిదీ

కార్తిక సోమవారంనాడు మహానంది కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చుంటే తెలుగు కుటుంబానికి సెలవుదినం అంటే ఏమిటో కొంత బోధపడుతుంది. తాత నడుములోతు నీళ్ళలో నిలబడి సంకల్పం చెప్పుకొంటూ ఉంటాడు. మనుమడు ఆయన భుజం పట్టుకొని కాళ్ళు ఆడిస్తూ ఉంటాడు. కోడలు తడిబట్టలు పిండుతూనే గట్టు మీది సంచిపై ఒక కన్ను వేసి ఉంచుతుంది. ఇది తీర్థయాత్రా, విహారయాత్రా అని అడిగితే ఆ ప్రశ్నే వారికి వింతగా తోస్తుంది. పుణ్యమూ పురుషార్థమూ కలిసి వస్తాయనుకొని బయలుదేరినవారికి ఆ రెంటినీ విడదీయవలసిన అవసరం కనబడదు.

అయితే అదే కుటుంబానికి ఇప్పుడు మరొక సెలవు కూడా పరిచయమయినది. నంద్యాల, ప్రొద్దుటూరు, కర్నూలు పట్టణాలలో కలిగినవారూ, బెంగుళూరు హైదరాబాదులలో కొలువుచేసే పిల్లలు గలవారూ వేసవి వచ్చేసరికి సముద్రం వైపు చూస్తున్నారు. గోవా, విశాఖపట్నం, మరికొంత స్తోమతు ఉంటే మాల్దీవులు. అక్కడ రిసార్టు అనే విడిదిలో ఒక్కసారి సొమ్ము కడితే చాలు. గదీ, మూడుపూటల భోజనమూ, నడుమ ఫలహారాలూ, ఆటపాటలూ, పిల్లలను కనిపెట్టి ఉండే మనుషులూ అన్నీ అందులోనే. మణికట్టుకు ఒక పట్టీ కడతారు. ఆ పట్టీ ఉన్నంతవరకు జేబులో చెయ్యి పెట్టనక్కరలేదు, గేటు దాటనక్కరలేదు.

ఇది వట్టి ధనమదమని కొట్టివేయడం సులభమే కాని న్యాయం కాదు. ఈ పద్ధతి పుట్టినది ధనికుల కోసం కాదన్న సంగతి మొదట గుర్తించాలి. 1936లో ఇంగ్లండులో స్కెగ్నెస్ అనే తీరపట్టణం దగ్గర బిల్లీ బట్లిన్ అనే వ్యాపారి ఒక సెలవు శిబిరాన్ని తెరచినాడు. వారం కూలితో వారం సెలవు అన్నది ఆయన ప్రకటన. ఆ సంవత్సరమే ఫ్రాన్సులో ప్రజాసంఘటన ప్రభుత్వం కార్మికులకు ఏటా రెండు వారాల వేతన సెలవును చట్టం చేసినది. 1950లో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం క్రీడాకారుడు మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపంలో గుడారాలు వేసి ‘క్లబ్ మెడిటరనీ’ని ఆరంభించినాడు. డబ్బు కంటికి కనబడితే మనుషుల మధ్య హెచ్చుతగ్గులు కనబడతాయని కాబోలు, తరువాత ఆ శిబిరాలలో నాణేల బదులు పూసలు చెలామణి చేసినారు. నేటి మణికట్టు పట్టీకి ఆ పూసల దండే పూర్వరూపం.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. పాతకాలపు యాత్రలో విశ్రాంతి ఎవరికి దక్కినది? మగవాడు స్నానం చేసి, దర్శనం చేసుకొని, అరుగు మీద నడుము వాల్చేవాడు. ఆడవారు మూడు రాళ్ళు పేర్చి పొయ్యి రాజేసేవారు. ఇంటి దగ్గర వండినవారే చెట్టు కింద కూడా వండినారు. ఊరు మారినది గాని పని మారలేదు. నాలుగు రోజులపాటు ఏ పూట ఏమి వండాలి అన్న చింత లేకుండా ఒక గృహిణి సముద్రాన్ని చూస్తూ కూర్చోగలగడం చిన్న విషయం కాదు. రిసార్టుకు పోదామన్న మాట చాలా ఇళ్ళలో మొదట తల్లి నోటినుండి రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అయినా ‘అన్నీ ఇందులోనే’ అన్న ఏర్పాటు తెలుగువారికి సముద్రం మీదనుండి దిగివచ్చిన వింత కాదు. బాటసారికి నీడా, నీరూ, అన్నమూ ఒక్కచోట సమకూర్చే సంస్థ మనకు ఉండనే ఉన్నది. అదే సత్రం. ఈ మాట ‘సత్ర’ అనే వైదిక యాగం పేరునుండి వచ్చినది. ఆ యాగానికి ఒక విశేషం ఉన్నది. తక్కిన యాగాలలో యజమాని ఒకడు, చేయించే ఋత్విక్కులు వేరు. సత్రయాగంలో ఋత్విక్కులందరూ యజమానులే. ఒకరు మరొకరికి దక్షిణ ఇచ్చే ప్రసక్తి లేదు. ఫలం అందరిదీ. బాటసారులకు అన్నం పెట్టే ఇంటికి మన పూర్వులు ఈ పేరు పెట్టడంలో పెట్టేవాడూ తినేవాడూ సమానులన్న భావం లీలగా అయినా ఉన్నదనుకోవచ్చు.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ఈ సందర్భంలో తలచుకోదగినది. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఆయన సెలవు పుచ్చుకొని 1830 మేలో కుటుంబంతోను, పెద్ద పరివారంతోను బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలాల మీదుగా కాశికి పోయి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చినాడు. 1838లో అచ్చయిన ఆయన యాత్రాచరిత్రలో దేవాలయ వర్ణనలు మాత్రమే కాక ఏ మజిలీలో దిగడానికి చోటున్నది, నీటి వసతి ఎట్లున్నది, ఏ సరుకులు దొరుకుతాయి అన్న వివరాలు అడుగడుగునా ఉన్నవి. ఆ యాత్రికుడు ప్రతి పూటా ఏదో ఒక ఊరి మీద ఆధారపడినాడు. ఊరి బావి, ఊరి అంగడి, ఊరి మనిషి లేకపోతే ఆయన యాత్ర ఒక్క రోజు కూడా సాగేది కాదు. అందువల్లనే అది ఒక్క మనిషి కథగా నిలిచిపోక ఒక కాలపు దేశచరిత్ర అయినది. నాలుగు రోజులు రిసార్టులో గడిపివచ్చిన కుటుంబాన్ని ఆ ఊరు ఎట్లా ఉన్నదని అడిగితే, విమానాశ్రయంనుండి గేటుదాకా కారు అద్దంలోనుండి కనబడినంత మేరకే చెప్పగలుగుతారు.

ఇంతమాత్రాన సత్రాన్ని ఆకాశానికి ఎత్తవలసిన పని లేదు. మన క్షేత్రాలలో సత్రాల పేర్లు చదువుకొంటూ పోతే కులాల పట్టిక చదివినట్లే ఉంటుంది. అన్నీ కలిసి ఉన్నా అందరూ కలవని చోట్లు అవి. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1947లో ఆలయప్రవేశ చట్టం వచ్చేదాకా, దళితులకు గుడిలో అడుగుపెట్టే హక్కు చట్టరీత్యా లేదు. కోనేటి నీరు ఎవరి చేతిలో పడినా ఒకే చల్లదనంతో ఉంటుంది. ఆ సంగతి నీటికి తెలిసినంత తేలికగా మనుషులకు తెలియలేదు. దానికి పోరాటాలూ, శాసనాలూ కావలసివచ్చినవి. అన్నదానం విషయంలో కూడా అంతే. తిరుమలలో 1985లో మొదలయిన నిత్యాన్నదానంలో పక్కన కూర్చున్నవారి కులమేమిటని ఎవరూ అడగరు. తరిగొండ వెంగమాంబ పేరు పెట్టుకొన్న ఆ భోజనశాల, సత్రం అన్న మాటలోని తొలి అర్థానికి పాత సత్రాల కంటె దగ్గరగా ఉన్నది.

ఈ నేపథ్యంలో నేటి సముద్రతీరాన్ని చూడాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో 2024-29 సంవత్సరాలకు పర్యాటక విధానాన్ని ప్రకటించి, ఆ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చినది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న రాష్ట్రానికి ఇందువల్ల పెట్టుబడీ ఉద్యోగాలూ రాగలవన్నది ఆశ. ఆశపడడంలో తప్పులేదు. కాని తీరాన్ని అమ్ముడుపోయే సరుకుగా చూచిన దేశాల అనుభవం ఏమిటో ముందుగా తెలుసుకోవడం మంచిది. జమైకాలో అన్నీ కలుపుకొన్న రిసార్టులు 1980ల నుండి విస్తరించినవి. అక్కడ పరాయి పాలననాడు చేసిన 1956 నాటి తీర నియంత్రణ చట్టం సముద్రంలో స్నానం చేసే సాధారణ హక్కును ప్రజలకు ఇవ్వలేదు. ఆ ద్వీపంలో పుట్టినవాడు తన సముద్రంలో మునగాలంటే గేటు దగ్గర అనుమతి అడగవలసిన చోట్లు ఏర్పడినవి. మాల్దీవులలో 1972లో మొదటి రిసార్టు వచ్చిన తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలపాటు విడిది ద్వీపాలు వేరు, జనం బతికే ద్వీపాలు వేరుగా నడచినవి. అతిథి ఆ దేశంలో వారం రోజులున్నా ఆ దేశపు వంటింటి పొగ ఎరుగడు.

సొమ్ము సంగతి కూడా ఇటువంటిదే. యాత్రికుడు మెట్టు మెట్టుకూ ఖర్చు పెడతాడు. కొబ్బరికాయకు కొంత, పూలకు కొంత, అరటిపండ్లకు కొంత, ఆటోకు కొంత. రిసార్టుకు పోయేవాడు ఇంటి దగ్గరే, ఒక్కసారే, ఒక్క సంస్థకే ఖర్చు పెడతాడు. తిండికి ముందే డబ్బు కట్టినవాడు గేటు దాటి ఊరి హోటలులో ఇడ్డెన్లు తినడు గదా! తీరాన వల ఆరబెట్టుకొనే బెస్తవానికి ఆ రిసార్టు వల్ల కలిగే లాభం, అతని చేపను ఆ వంటశాల కొంటుందా, అతని కూతురికి ఆ కార్యాలయంలో కొలువు దొరుకుతుందా అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. పర్యాటక విధానాల గుణదోషాలను ఎన్ని గదులు కట్టినారన్న లెక్కతో కాక ఈ రెండు ప్రశ్నలతో కొలవవలసి ఉన్నది.

తెలుగువారికి ఈ విషయంలో స్పృహ లేకపోలేదు. 2023 జూలైలో విశాఖ దగ్గరి రుషికొండ తీరానికి మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోగా నిరసన వచ్చినది. ప్రభుత్వం ఆ ఆలోచనను విరమించుకొన్నది. ఇరవై రూపాయలు నేడు ఎంతమాత్రం అని తేలికగా తీసివేయవచ్చు. జనం ఎదురుచెప్పినది ఆ మొత్తానికి కాదు. సముద్రానికి ద్వారపాలకుడు ఉండడమేమిటన్నదే వారి అభ్యంతరం. కోనేటిని అందరిదీ చేయడానికి ఒకనాడు చట్టం కావలసివచ్చినది. పుట్టుకతోనే అందరిదీ అయిన సముద్రం చట్టం చూస్తుండగా కొందరిది కాకుండా కాపాడుకోవలసిన అవసరం నేడు వచ్చినది.

మెట్టసీమ నుండి ఈ మాట చెప్పడంలో ఒక ప్రత్యేకత ఉన్నది. కర్నూలు జిల్లా పడమటి మండలాలలో, కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాలలో, కుటుంబాలు కుటుంబాలే ఇంటికి తాళంవేసి ప్రయాణమవుతవి. వానలు తప్పిన ఏడు, పంట చేతికి రాని ఏడు, పిల్లాజెల్లా, వంటసామాను, మూటాముల్లెతో బండ్లెక్కి గుంటూరు సీమకు మిరపకాయలు కోయడానికి పోతారు. ఆ వలసను వారు ‘సుగ్గి’ అంటారు. వారు కూడా కోస్తాకే పోతున్నారు, సకుటుంబంగానే పోతున్నారు, నెలల తరబడి ఉంటున్నారు. ఆ ప్రయాణంలో సెలవు ఒక్కటే లేదు. బడిలో ఉండవలసిన పిల్లవాడు చేనిగట్టున చెల్లెలిని ఆడిస్తూ ఉంటాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున వేతన సెలవు నిర్ణయించినది. ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు లోపలివారిది. మిరపచేనికి ఆ గేటు లేదు. సెలవు శిబిరం పుట్టుకకు మూలమయిన వేతన సెలవే దక్కనివారికి ఏ రిసార్టు చౌక అయినా ఒరిగేదేముంది?

అటువంటివారికి కూడా అందుబాటులో ఉన్న విహారం ఏదైనా ఉంటే అది మహానంది వంటి చోటే. 2025 ఆగస్టు 15 నుండి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించడం వల్ల, కూలిచేసుకొనే ఇల్లాలు కూడా కన్నకూతురితో నంద్యాల చేరి, అక్కడినుండి మహానందికి పోయి మునిగి రావడం తేలిక అయినది. ఆమెకు అదే తీర్థం, అదే సముద్రం. కనుక క్షేత్రాలను కూడా ‘ప్యాకేజీ’లుగా మార్చే ఉత్సాహంలో ఆమెకు బట్టలు మార్చుకొనే మరుగూ, శుభ్రమయిన మరుగుదొడ్డీ, తలదాచుకొనే చావడీ కరవు కాకుండా చూడాలి. విలాసపు గదులు కట్టడానికి పెట్టుబడిదారులు దొరుకుతారు. చావడి కట్టడానికి ప్రభుత్వమో దేవస్థానమో పూనుకోవాలి. సముద్రతీరానికి కూడా ఇదే న్యాయం. రిసార్టులు రావచ్చు. వాటి పక్కనుండి నీటి అంచుదాకా ఊరివాడు నడిచిపోయే బాట మాత్రం మూతపడకూడదు.

నల్లమల కొండ అడుగున ఊరే మహానంది నీరు ఏడాది పొడుగునా ఒకే తీరుగా వస్తుంది. అడుగున గుండుసూది పడినా కనబడేటంత తేటగా ఉంటుందని ప్రతీతి. ఆ నీరు దేవుని పాదాల దగ్గర పుట్టినా అక్కడ నిలువ ఉండదు. గుడిలోని గుండం నిండి, వాకిటి కోనేళ్ళలోకి వచ్చి, స్నానం చేసేవారందరినీ తడిపి, ప్రాకారం కిందినుండి బయటికి పోయి, దాదాపు రెండు వేల ఎకరాలకు పారుతుందని చెబుతారు. గుడిముందు అమ్మే అరటిగెల ఆ నీటితో పండినదే. యాత్రికుడు మునిగిన నీరే రైతుకు పంట అవుతుంది, ఆ పంటే తిరిగి యాత్రికుని చేతికి పండై వస్తుంది. కొత్తగా వెలసే ప్రతి విడిదినీ, అది కొండ మీదిదైనా కడలి ఒడ్డుదైనా, ఈ ఒక్క కొలతతో చూస్తే చాలు. లోపలికి వచ్చిన నీరు ఎంత అన్న లెక్క యజమాని వేసుకొంటాడు. ప్రాకారం దాటి ఎన్ని ఎకరాలకు పారినదన్న లెక్క ఊరు అడగాలి.